స్టెమ్ సెల్స్‌తో అండాలు మళ్లీ పుడతాయా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఎనిమిది నెలలుగా నెలసరి రావడం లేదు. అండాల నిల్వ ఎంతుందో చెప్పే ఏఎంహెచ్ 0.2 ఉంది, అండాశయాలకు ముందే వయసైపోయిందన్నారు. ఒక క్లినిక్‌లో స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తే అండాలు మళ్లీ పుడతాయట, వయసూ వెనక్కి వెళ్తుందట. దాచుకున్న డబ్బంతా కట్టేద్దామంటున్నారు మావారు. పిల్లలు నాకూ కావాలి, కానీ భయంగా ఉంది. వద్దంటే నాకే ఇష్టం లేదనుకుంటారేమోనని, కొత్త రిపోర్టు బీరువాలో బట్టల కింద దాచాను.

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట. ఇప్పుడే డబ్బు కట్టకండి.

ఆడపిల్ల పుట్టేటప్పుడే అండాశయాల్లో 10 నుంచి 20 లక్షల అండాలుంటాయి. రజస్వల అయ్యేనాటికి 3, 4 లక్షలు మిగులుతాయి, ఆపైన తరుగుదలే. కొత్తవి పుడతాయని 2004లో ఎలుకల మీద పరిశోధన చేసినవాళ్లు అన్నారు గానీ, మనుషుల్లో అది నేటికీ తేలలేదు. ఎముక మజ్జ నుంచో బొడ్డుతాడు నుంచో తీసిన కణాలు ఎక్కించేది కూడా, మిగిలిన కాసిని అండాలను మేల్కొల్పుతాయేమోనన్న ఆశతోనే. చిన్న చిన్న అధ్యయనాల్లో కొందరు గర్భం దాల్చిన మాట నిజం. అయితే 40 లోపే అండాశయాలు మందగించినవాళ్లలో ఏ చికిత్సా లేకుండానే 100కి 5 నుంచి 10 మంది గర్భం దాలుస్తారు. మరి క్లినిక్ గోడ మీది పాపాయి ఫొటో ఆ కణాల వల్లేనని ఎలా నమ్మడం? వయసు వెనక్కి వెళ్తుందన్న మాటకైతే ఆధారమే లేదు. వాళ్లు అలా ఆశపెట్టడం చూస్తే నాకు చాలా బాధగా ఉంది. ఇది నమోదైన పరిశోధనేనా, పరిశోధనలో పాల్గొనేవాళ్ల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఏదీ అని అడగండి. పరిశోధనే అయితే మీ చేత అంత డబ్బు ఎందుకు కట్టించుకుంటున్నారో కూడా అడగండి.

మీ విషయంలో నాకు కంగారు వేరే ఉంది. ఆడవాళ్ల హార్మోన్ ఈస్ట్రోజన్ ఇంత ముందే తగ్గితే ఎముకలు గుల్లబారతాయి, గుండెకూ మంచిది కాదు. ఎఫ్ఎస్‌హెచ్ (అండాశయాలను పనిచేయించే హార్మోన్), థైరాయిడ్, క్రోమోజోమ్ పరీక్షలు చేయించుకోండి. సమస్య ఖాయమైతే, మీకు పడుతుందనుకుంటే దాదాపు 50 ఏళ్ల దాకా హార్మోన్లు వాడమంటారు డాక్టర్లు. బిడ్డ కావాలంటే దాత అండంతో ఐవీఎఫ్ ఉంది. గర్భసంచి అండాశయాలంత త్వరగా వయసు మీరదు. దత్తత కూడా ఉంది. ఏదైనా ఇద్దరూ కలిసి తేల్చుకోవాల్సిందే.

అందుకే ఇవాళ రాత్రి ఆ రిపోర్టు బీరువాలోంచి తీసి ఆయన చేతికివ్వండి. "పిల్లలు నాకూ కావాలి, కానీ భయంగా ఉంది" అని నాకు రాశారే, ఆ మాటే ఆయనతో అనండి.