స్కాన్ చూసి మెదడులో గురి: ఇంజినీరింగ్ అమ్మాయికి చోటుందా?

ప్రశ్న: మా అమ్మాయి బయోమెడికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. స్కాన్ల సాయంతో జంతువుల మెదడులో కావలసిన చోటికే సూదిని చేర్చే పరిశోధన చేస్తానంటోంది. బయాలజీ పెద్దగా చదవలేదు. నెగ్గుకురాగలదా? – ఒక తండ్రి

జవాబు: బయాలజీ గురించి టెన్షన్ వద్దండి. ఈ పనిలో లెక్కల పాలు చాలా ఎక్కువ.

తలను ఫ్రేములో కదలకుండా బిగించి, మూడు వైపుల కొలతలతో మెదడులో చోటు పట్టుకునే పద్ధతిని బ్రిటిష్ శాస్త్రవేత్తలు హార్స్లీ, క్లార్క్ 1908లోనే వివరించారు. ఎలుకలకు ఇప్పటికీ చాలాచోట్ల అదే దారి. పుర్రె మీద అతుకులు కలిసే బ్రెగ్మా అనే బిందువును సున్నా అనుకుని, అట్లాస్‌లో, అంటే మెదడు పటాల పుస్తకంలో, ఉన్న మిల్లీమీటర్ల ప్రకారం సూది దించుతారు. ఒకే జాతి, ఒకే వయసు ఎలుకల మెదళ్లు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి సరిపోతుంది. కోతుల దగ్గర ఈ లెక్క తప్పుతుంది, ఒక్కోదాని మెదడు ఒక్కో తీరు. అందుకే ఆ జంతువుకే ఎంఆర్‌ఐ తీసి, రక్తనాళాలకు తగలకుండా దారి గీసుకుంటారు. ఎముక సీటీలో బాగా కనిపిస్తుంది, మెదడు లోపలి భాగాలు ఎంఆర్‌ఐలో. రెండింటినీ ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చి, స్కాన్‌లోని బిందువును ఫ్రేము కొలతల్లోకి మార్చాలి. సూదితో ఎక్కించే మందులో, ఎంఆర్‌ఐలో స్పష్టంగా కనిపించే గాడోలినియం అనే పదార్థం కలిపితే అది ఎంత మేర వ్యాపిస్తోందో కూడా స్కాన్‌లో చూడొచ్చు.

మీ అమ్మాయికి పని దొరికేది ఇక్కడే. మాత్రికలు, ఇమేజ్ రిజిస్ట్రేషన్ (స్కాన్లను ఒకదానిపై ఒకటి కూర్చే పని), పైథాన్ ప్రోగ్రామింగ్ గట్టిగా పట్టుకోమనండి. స్కాన్ల మీద పనిచేసే త్రీడీ స్లైసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే, ఇవాళే మొదలుపెట్టొచ్చు. మెదడు నిర్మాణం మాత్రం కూర్చుని చదవాల్సిందే, దానికి అడ్డదారి లేదు.

మీరు అడగని విషయం ఒకటుంది. సూది ఎక్కడ దిగిందో ఖాయం చేసుకోవడానికి, చాలా ప్రయోగాల్లో చివరికి జంతువును చంపి, మెదడును పలుచని పొరలుగా కోసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. గురి తప్పితే ఆ ప్రాణం వృథా అయినట్టే. జంతువుల సంఖ్య, వాటి బాధ తగ్గించాలని బ్రిటిష్ శాస్త్రవేత్తలు రసెల్, బర్చ్ 1959లో చెప్పిన సూత్రాలకు స్కాన్లు తోడ్పడేది ఇందుకే. అయినా చూసి తట్టుకోలేనివాళ్లు ఉంటారు, అది తప్పేమీ కాదు. అలాంటివాళ్లకు ఇవే నైపుణ్యాలతో మనుషుల మెదడు శస్త్రచికిత్సల్లో స్కాన్ల సాయంతో సర్జన్‌కు దారి చూపే నావిగేషన్ రంగం ఉంది.

పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టేముందు ల్యాబ్‌వాళ్లను మూడు సంగతులు అడగమనండి: ఏ జంతువు మీద పని, సర్జరీ ఎవరు చేస్తారు, స్కానర్ వాళ్లదేనా లేక వేరేచోట వంతు కోసం ఎదురుచూడాలా.