పైన్ చెక్కని వేడి చేసి, ప్రెస్ చేసి టేకులా వాడుకోవచ్చా?

అన్నా, మీరు తిరుపతిలో ఇల్లు కడుతున్నారు, టేకు రేటు అందుబాటులో లేదు, శ్రీసిటీ ఫ్యాక్టరీల తట్టు నుంచి వచ్చే ప్యాలెట్ల (సరుకు పేర్చే చెక్క పీటల) పైన్ చెక్క చవగ్గా దొరుకుతోంది, దాని మీద హెచ్‌టీ అని ముద్ర ఉంది కాబట్టి హీట్ ట్రీట్ అయినట్టేనా, ప్రెస్ కూడా చేయిస్తే బాల్కనీకి, టేబుల్‌కి, ఊయలకి పనికొస్తుందా అని గదా అడిగారు. నాది రేణిగుంట రోడ్డులో ఫర్నిచర్ పని, ఈ రెండు రకాల చెక్కా చేత్తో కోసి బిగించినవాణ్ణి.

ముందు ఆ ముద్ర సంగతి. అది ఎగుమతి ప్యాకింగ్‌కి పెట్టిన ఐఎస్‌పీఎం 15 అనే రూలు, చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలితే ఆ ముద్ర వేస్తారు, లోపలి పురుగు చస్తుంది, చెక్క గుణం మాత్రం ఏమీ మారదు. మీకు కావాల్సిన హీట్ ట్రీట్‌మెంట్ వేరే. ఫిన్లాండ్‌వాళ్ళు 1990ల్లో థర్మోవుడ్ పేరుతో పెద్దగా మొదలుపెట్టింది, పైన్‌ని ఆవిరిలో పెట్టి 190 గానీ 212 గానీ డిగ్రీల దాకా తీసుకెళ్తారు. ఆ వేడికి తేమని పట్టుకునే హెమీసెల్యులోజ్ విరిగిపోతుంది, బంక చాలావరకు బయటికి పోతుంది, 212 రకంలో అయితే ఉబ్బడం కుంచించుకోవడం దాదాపు సగానికి తగ్గుతుంది. మన ఊరికి ఇదే పెద్ద లాభం, మే ఎండకి సందులిచ్చిన తలుపే నవంబర్ వానలకి ఉబ్బి గడపకి పట్టేస్తుంది గదా, ఆ గోల బాగా తగ్గుతుంది.

కానీ వేడితో చేవ రాదన్నా. ఇది చాలామంది తప్పుగా అనుకుంటున్నారు. వంపు బలం 10 నుంచి 30 శాతం దాకా తగ్గొచ్చు, చెక్క పెళుసవుతుంది. ఒక బాల్కనీకి ఈ పలకలు బిగించినప్పుడు చూశా, చిత్రిక పడితే మామూలు పైన్‌లాగా పొడుగు చుట్టలు రావు, గోధుమ రంగు పొడి రాలుతుంది, షెడ్డంతా మాడిన బెల్లం వాసన, స్క్రూ నేరుగా ఎక్కిస్తే పలక చివర చీలిపోతుంది. అందుకే ముందు సన్న డ్రిల్ వేసి స్టెయిన్‌లెస్ స్క్రూలే వాడాలి, ఈ చెక్కలో ఆసిడ్ ఎక్కువ కాబట్టి మామూలు ఇనుము నల్ల మరక పెడుతుంది. ఎండ తగిలేచోట ఆయిల్ పెట్టకపోతే రంగు పోయి బూడిదలా అవుతుంది.

గట్టిదనం కావాలంటే ప్రెస్సు. చెక్కని వేడి చేసి మెత్తబరిచి అడ్డంగా నొక్కితే లోపలి ఖాళీ గొట్టాలు మూసుకుంటాయి, క్యూబిక్ మీటర్‌కి 500 కేజీలుండే పైన్ సగం మందానికి వచ్చేసరికి 1000 కేజీల దగ్గరికి పోతుంది. అయితే రెండంగుళాల పలక కొంటే చేతికొచ్చేది అంగుళమే, అంటే చెక్క ఖర్చు డబుల్, ఈ లెక్క ఎవరూ చెప్పరు. ఇంకోటి, నొక్కింది నొక్కినట్టు ఉండదు. తెలిసినవాళ్ళ ఫ్లష్ డోర్ యూనిట్‌లో హాట్ ప్రెస్ మీద కొన్ని ముక్కలు చేయించి బకెట్ నీళ్ళలో వేసి చూశా, తెల్లారేసరికి ముక్క ఉబ్బి మళ్ళీ ముందు మందానికి దగ్గరగా వచ్చేసింది, గోటితో గీస్తే గీత పడింది! ఇది ఆగాలంటే నొక్కిన చెక్కని ప్రెస్‌లో ఉండగానే 200 డిగ్రీల దాకా వేడి చేసి, 100 లోపు చల్లారాకే విప్పాలి, అంటే ప్రెస్సూ హీటూ రెండూ కలిస్తేనే పని. ఆ కంట్రోల్ ఉన్న ప్రెస్సులు మన పక్క నేను చూడలేదు.

చెక్కని నొక్కి గట్టిగా చేసే వీడియో ఏదైనా మీరు చూసుంటే అది బహుశా 2018లో అమెరికాలోని మేరీల్యాండ్ యూనివర్సిటీవాళ్ళు చేసిందయ్యుంటుంది, వాళ్ళు కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైట్ కలిపిన నీళ్ళలో చెక్కని ఉడికించి చెక్క పీచుల్ని అతికించి ఉంచే లిగ్నిన్ కొంత తీసేసి ఆ తర్వాత 100 డిగ్రీల దగ్గర నొక్కారు, మందం అయిదో వంతుకి వచ్చింది, బలం పది రెట్లు పైగా పెరిగింది. అది నిజమే, కానీ ఇంట్లో చేసే పని కాదు, కాస్టిక్ కళ్ళలో పడితే చూపే పోతుంది. అలాగే ఓవెన్లోనో డ్రమ్ములోనో 200 డిగ్రీలు పెడదామనుకోకండి, ఆ వేడికి చెక్క నుంచి మండే గ్యాస్ వస్తుంది, ఫ్యాక్టరీలో ఆవిరి నింపేది అది అంటుకోకూడదనే.

ఇక మీ ఇంటికి, బాల్కనీ ఫ్లోరింగ్‌కి థర్మో పైన్ పెట్టుకోండి కానీ కింద సపోర్ట్ దగ్గర దగ్గరగా ఇవ్వండి, మట్టికి తగలనివ్వకండి, చెదలకి ఇది మందు కాదు కాబట్టి చెద మందు కొట్టించాల్సిందే. టేబుల్‌కి మామూలు పైన్ మీద మంచి పాలిష్ చాలు. ఊయలకి మాత్రం థర్మో పైనూ మామూలు పైనూ రెండూ వద్దు, పిల్లలు ఊగేది, కొక్కెం దగ్గర బరువంతా పడుతుంది, టేకో వేపో పెట్టండి. థర్మో అని అమ్మేవాళ్ళ దగ్గర ఒక ముక్క అడిగి అడ్డంగా కోయించండి, నడిమధ్య దాకా ఒకటే గోధుమ రంగుంటే అసలుది, పైపైనే రంగుండి లోపల తెల్లగా కనిపిస్తే స్టెయిన్ కొట్టిన మామూలు చెక్క, డబ్బులివ్వకండి.