ప్లేట్లు పెంచకండి, ముందు ఆ వాల్వ్ చూడండి

ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్ (పల్చటి లోహపు ప్లేట్లకు ఒకవైపు వేడి నీరు, మరోవైపు చల్లటి నీరు పారి వేడి మార్చుకునే పరికరం) చాలినంత చల్లబరచడం లేదు, ఇంకొన్ని ప్లేట్లు వేస్తే హీట్ ట్రాన్స్‌ఫర్ పెరుగుతుందా, డిజైన్‌లో ఇంకేం మార్చొచ్చు అని అడిగారు. ప్లేట్లు వేయకండి. నేను ఒకసారి వేసి చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను పనిచేసిన ప్లాంట్‌లో కంప్రెసర్ల నుంచి వచ్చే వేడి నీటిని కూలింగ్ టవర్ నీటితో చల్లబరిచే ఎక్స్ఛేంజర్ ఒకటి ఉండేది. మొత్తం 101 ప్లేట్లు. టవర్ నీళ్లు 32 డిగ్రీల దగ్గర లోపలికి వెళ్లేవి. కంప్రెసర్లకు తిరిగి వెళ్లే నీళ్లు 36 ఉండాలి, 41 ఉంటున్నాయి. ఎండలు ముదిరేసరికి రోజూ అలారాలు, అర్ధరాత్రి ఫోన్లు, ఒకటే టెన్షన్. ఫ్రేమ్‌లో చోటు ఉంది కదా అని ఇంకో 30 ప్లేట్లు తెప్పించాం. విప్పినప్పుడు ఉన్నవాటి మీద పైపైన నీళ్లు కొట్టి, కొత్తవి కలిపి బిగించేశాం. మొదటి వారం 39కి దిగింది. మూడు వారాలు తిరిగేసరికి 42.

మళ్లీ విప్పాం. వేడి నీటి వైపు ప్లేట్లు అద్దంలా ఉన్నాయి. టవర్ నీటి వైపు మాత్రం గోధుమరంగు పాకుడు. గోటితో గీస్తే జారుతూ ఊడొచ్చింది. మందం 0.2 మిల్లీమీటర్లు ఉంటుందేమో. చూస్తే ఏముందిలే అనిపిస్తుంది. కానీ పాకుడంటే దాదాపు నీరే, దాని ఉష్ణవాహకత, అంటే వేడిని దాటనిచ్చే గుణం, 0.6 W/m·K చుట్టుపక్కల ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌ది 16. అంటే ఆ పల్చటి పొర 5 మిల్లీమీటర్ల స్టీలు అడ్డం పెట్టినంత పని చేస్తోంది. ప్లేటేమో అర మిల్లీమీటరు. వేడి సరిగా దాటడం లేదు, ప్లేటు లోహం మార్చండి అని సలహా ఇచ్చేవాళ్లు ఈ ఒక్క లెక్క వేసుకుంటే చాలు.

ఇంతకీ పాకుడు అంత త్వరగా ఎందుకు పట్టింది? నీళ్లు మెల్లగా పోతున్నాయి కాబట్టి. ప్లేట్లు పెంచితే పంపు పంపే నీరు పెరగదు, అదే నీరు ఎక్కువ దారుల్లోకి చీలుతుంది. 30 శాతం ప్లేట్లు ఎక్కువైతే ఒక్కో దారిలో వేగం 77 శాతానికి పడిపోతుంది. నీటి వైపు ఉష్ణ బదిలీ గుణకం (నీటికీ ప్లేటుకీ మధ్య వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే అంకె) వేగానికి సుమారు 0.7 ఘాతంగా మారుతుంది కాబట్టి అది 83 శాతానికి దిగుతుంది. 1.3ని 0.83తో గుణించండి. 30 శాతం స్టీలు అదనంగా పెడితే దక్కేది 8 శాతం. వేగం తగ్గడంతో నీటి ఒరిపిడి తగ్గి మురికి కుదురుగా కూర్చుంటుంది, కొన్నాళ్లకు ఆ 8 శాతమూ ఉండదు.

అసలు సంగతి గేజ్‌ల దగ్గర బయటపడింది. ఎక్స్ఛేంజర్‌లో టవర్ నీటి ప్రెషర్ డ్రాప్, అంటే లోపలికి వెళ్లేచోటికీ బయటికి వచ్చేచోటికీ ప్రెషర్ తేడా, 0.1 బార్ కూడా లేదు. డేటాషీట్‌లో 0.7 వరకు అనుమతి ఉంది. మిగతాది ఎటు పోతోందని పైపు వెంట నడుచుకుంటూ వెళితే, బయటికి వచ్చే లైన్‌లో బటర్‌ఫ్లై వాల్వ్ ముప్పావు వంతు మూసి ఉంది. మోటారు ఓవర్‌లోడ్ అవుతోందని ఎప్పుడో ఎవరో అలా పెట్టి, హ్యాండిల్ కదలకుండా ఇనుప తీగ చుట్టారు. ఆ తీగ తుప్పు పట్టి చేతికి అంటుకుంటోంది. నీటిని ప్లేట్ల మధ్య సుడులు తిప్పాల్సిన ప్రెషరంతా ఇన్నేళ్లూ ఆ వాల్వ్‌లో వృథా అయింది!

అప్పుడు చేసింది ఇది. ప్లేట్లన్నీ శుభ్రంగా కడిగాం, అదనపు 30 తీసేశాం. ప్లేటు మీద చేపముల్లులా ఉండే గీతలు చూసే ఉంటారు. అవి నీటి దారికి 30 డిగ్రీల కోణంలో ఉంటే నీరు సులువుగా జారిపోతుంది. 60 దాకా ఉంటే అడ్డం తగిలి సుడులు తిరుగుతుంది. గొట్టాల్లో రెనాల్డ్స్ సంఖ్య (నీరు నునుపుగా పారుతుందా, సుడులు తిరుగుతుందా అని చెప్పే అంకె) 2,300 దాటితే గానీ రాని కల్లోల ప్రవాహం ఇక్కడ కొన్ని వందలకే వచ్చేది ఈ గీతల వల్లే. మావన్నీ సులువు రకం. అదే మోడల్‌లో ఎక్కువ కోణం ప్లేట్లు తెప్పించి ఒకటి విడిచి ఒకటి మార్చాం. పాత ఫ్లో వచ్చేదాకా వాల్వ్ తెరిచాం. ప్రెషర్ డ్రాప్ 0.5 బార్‌కి వెళ్లింది, నీళ్లు 36కి వచ్చాయి. ఏడాది తర్వాత కూడా 37 దాటలేదు. పంపు అదే, మోటారు అదే. ఇలా మారిస్తే వేడి వైపు కూడా ప్రెషర్ డ్రాప్ పెరుగుతుంది, అటు పంపులో సత్తా ఉందో లేదో ముందే చూసుకోవాలి.

నా ఉద్దేశంలో సగం ఎక్స్ఛేంజర్లు డిజైన్ కాగితం మీదే పాడవుతున్నాయి. ప్రాసెస్ వాళ్లు 10 శాతం మార్జిన్ వేస్తారు, ప్రాజెక్టు వాళ్లు 15, అమ్మేవాళ్లు ఇంకో 10. గుణిస్తే 39 శాతం. పైగా షెల్ అండ్ ట్యూబ్ (గొట్టాల రకం ఎక్స్ఛేంజర్) కోసం రాసిన ఫౌలింగ్ ఫ్యాక్టర్లు, అంటే మురికి పడుతుందని ముందే వేసుకునే అంకెలు, తెచ్చి ఇక్కడ అతికిస్తారు. మురికికి భయపడి పెట్టిన ఆ అదనపు వైశాల్యమే మురికిని పిలుస్తుంది. విద్యార్థులు ఏమో నానోఫ్లూయిడ్ (అతి సన్నటి రేణువులు కలిపిన ద్రవం) ప్రాజెక్టుల వెంట పడుతున్నారు. చిక్కదనం పెరిగి పంపు మీద పడే భారం ఆ రిపోర్టుల్లో ఎక్కడుంటుంది?

ఇంకో బాధ కూడా చెప్పాలి. 1923లో రిచర్డ్ సెలిగ్మన్ పాల పాశ్చరైజేషన్ కోసం ప్లేట్ ఎక్స్ఛేంజర్‌ని రూపొందించినప్పుడు, విప్పి కడుక్కోగలగడమే దీని బలం. ఇప్పుడు ఏళ్ల తరబడి విప్పరు, విప్పితే ఇనుప బ్రష్‌తో గీకుతారు. నైలాన్ బ్రష్ వాడండి, స్టెయిన్‌లెస్ దగ్గరికి హైడ్రోక్లోరిక్ యాసిడ్ రానివ్వకండి. తిరిగి బిగించాక పక్కనుంచి చూస్తే ప్లేట్ల అంచులు తేనెపట్టులా కనిపించాలి, లేదంటే ఏదో ప్లేటు తిరగబడింది. కారుతోంది కదా అని తయారీదారు ఇచ్చిన కొలత దాటి బిగిస్తే ప్లేట్ల మధ్య నీరు కారకుండా ఆపే గాస్కెట్లు నలిగిపోతాయి.

మీరు నాలుగు నాజిళ్ల (నీళ్లు లోపలికి వెళ్లే, బయటికి వచ్చే ద్వారాల) దగ్గరా ఉష్ణోగ్రత, ప్రెషర్ చూసి, రెండు వైపుల ఫ్లో, వాల్వ్‌లు ఎంత తెరిచి ఉన్నాయో రాయండి. ఆ అంకెలు పెడితే నేను లెక్క వేసి చెబుతాను. అప్పటిదాకా ప్లేట్ల ఆర్డర్ ఆపండి.