రెండో షేవింగ్ బ్రష్ ఎలాంటిదై ఉండాలి?

ప్రశ్న: ఏడాదిగా బ్రష్‌తో నురగ చేసుకొని గడ్డం గీసుకుంటున్నాను. నా దగ్గర ఉన్నది ఒక్కటే, 24 మిల్లీమీటర్ల వ్యాసం గల కుచ్చు ఉన్న మెత్తని సింథటిక్ బ్రష్. క్రీముతో ఇది చక్కగా పనిచేసేది. ఈ మధ్య డబ్బాలో వచ్చే గట్టి సబ్బుకు మారాక మాత్రం నురగ పల్చగా, బుడగలు బుడగలుగా వస్తోంది. రెండో బ్రష్ కొనాలనుకుంటున్నాను. బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకల్లో మేలు రకంగా అమ్మే సిల్వర్‌టిప్‌కు మించినది లేదని మిత్రులు చెబుతున్నారు. అదే కొనమంటారా?

జవాబు: కొనడానికి ముందు ఒక పరీక్ష చేసి చూడండి. నురగలో పెద్ద పెద్ద బుడగలు రావడానికి చాలాసార్లు కారణం బ్రష్ కాదు, నీరు ఎక్కువై సబ్బు తక్కువ కావడం. సింథటిక్ పోగులు నీటిని పీల్చుకోవు. పోగుల మధ్య నిలిచిన నీరు కాస్త ఒత్తగానే ఒక్కసారిగా సబ్బు మీదికి దిగిపోతుంది. కాబట్టి బ్రష్‌ను తడిపిన తరువాత రెండు మూడు సార్లు గట్టిగా విదిలించి, సబ్బు మీద కనీసం అర నిమిషం పాటు తిప్పి, కుచ్చు కొసలకు చిక్కని ముద్ద పట్టాక మాత్రమే ముఖం మీద చుక్క చుక్కగా నీరు కలుపుకుంటూ వెళ్ళండి. దీనితోనే మీ ఇబ్బంది సగం తీరవచ్చు.

అయినా రెండో బ్రష్ కావాలన్న మీ కోరిక సరైనదే. అయితే దాన్ని మొదటి దానికంటే గొప్పది కావాలని కాక, మొదటిది చేయలేని పని చేసేది కావాలని వెతకండి. సిల్వర్‌టిప్ విషయంలో నా అభ్యంతరం ఇక్కడే ఉంది. దాని గొప్పతనమంతా కొసల మెత్తదనంలోనూ, నీటిని పట్టి ఉంచే గుణంలోనూ ఉంటుంది. మెత్తదనం మీ దగ్గర ఇప్పటికే ఉంది. నీరు ఎక్కువగా పట్టడమన్నది గట్టి సబ్బుతో ఇంకా చేయి తిరగని వారికి మేలు కంటే చిక్కే తెస్తుంది. పైగా బ్యాడ్జర్ వెంట్రుక రకాలకు పెట్టే ప్యూర్, బెస్ట్, సూపర్, సిల్వర్‌టిప్ అనే పేర్లకు తయారీదారులందరూ పాటించే ఉమ్మడి ప్రమాణం లేదు. ఒకరు బెస్ట్ అని అమ్మే వెంట్రుక మరొకరి సూపర్‌కు దీటుగా ఉండవచ్చు. పేరును చూసి ఎక్కువ డబ్బు పెట్టడం నాకు సమ్మతం కాదు.

మీకు నేను సూచించేది పంది వెంట్రుకల బ్రష్. ఈ వెంట్రుక మొదళ్ళలో మందంగా, బిరుసుగా ఉంటుంది కనుక సబ్బు మీద తిప్పినప్పుడు వంగిపోకుండా దాన్ని గీరి తీసుకుంటుంది. గట్టి సబ్బుకు కావలసింది సరిగ్గా ఈ గుణమే. సింథటిక్‌కు భిన్నంగా ఇది నీటిని లోపలికి పీల్చుకొని మెత్తబడుతుంది కాబట్టి, వాడబోయే ముందు 5 నుంచి 10 నిమిషాల పాటు గోరువెచ్చని నీటిలో నాననివ్వాలి. మరిగే నీరు మాత్రం వద్దు. అది వెంట్రుకనూ, కుచ్చును పిడిలో పట్టి ఉంచే జిగురునూ పాడుచేస్తుంది.

పంది వెంట్రుకను కొత్తలోనే తూచి తీర్పు చెప్పవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. మొదటి రోజుల్లో కొంచెం జంతువాసన వస్తుంది, కొసలు గుచ్చుకుంటాయి, చేసిన నురగంతా కుచ్చులోకే ఇంకిపోయినట్లు ఉంటుంది. నేను నా మొదటి పంది బ్రష్‌ను వారం తిరగకుండానే పక్కన పెట్టేశాను. కొన్ని నెలల తరువాత మళ్ళీ తీసి ఓపికగా వాడితే, తొలి వారాలు గడిచేసరికి ఒక్కో వెంట్రుక కొస రెండుగా మూడుగా చీలి, చెంపకు మెత్తగా తగులుతూనే అడుగున బలం తగ్గకుండా నిలిచింది. ఇప్పుడు గట్టి సబ్బుకు నా చేయి మొదట దాని వైపే వెళుతుంది. ఈ కాలాన్ని తగ్గించుకోవాలంటే గడ్డం గీసుకోని రోజుల్లో కూడా చేతిలోనే నురగ చేసి, కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. తడవడం, ఆరడం ఎన్నిసార్లు జరిగితే కొసలు అంత త్వరగా చీలుతాయి.

కొలత సంగతికి వస్తే, మీరు గిన్నెలో కాక ముఖం మీదే నురగ చేసుకునేవారైతే 22 మిల్లీమీటర్ల కుచ్చు చాలు. ముక్కు కింద, పెదవుల అంచున పెద్ద కుచ్చు అదుపులో ఉండదు. వ్యాసం ఎంత ముఖ్యమో పిడి పైన కనిపించే కుచ్చు ఎత్తు కూడా అంతే ముఖ్యం. వ్యాసం, వెంట్రుకల ఒత్తుదనం ఒకటే అయినప్పుడు పొట్టి కుచ్చు బిరుసుగా, పొడుగు కుచ్చు వాలిపోయేలా ఉంటుంది. చాలామంది ఈ రెండో అంకెను చూడకుండానే కొని తరువాత బాధపడతారు.

మీ చర్మం త్వరగా ఎర్రబడేదైనా, పంది వెంట్రుక ముఖానికి తగలడం మీకు ఇష్టం లేకపోయినా, గుర్రపు వెంట్రుకను చూడండి. జూలు, తోక వెంట్రుకలను కలిపి కట్టే ఈ బ్రష్ బిరుసులో పందికీ బ్యాడ్జర్‌కూ నడుమ ఉంటుంది.

రెండో బ్రష్ వల్ల మీకు ఇంకొక లాభం కూడా ఉంది. జంతువుల వెంట్రుకల కుచ్చు మొదలు వరకు ఆరడానికి ఒక రోజు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది; సింథటిక్ కొన్ని గంటల్లో ఆరిపోతుంది. రోజు విడిచి రోజు మార్చి వాడితే పంది బ్రష్‌కు తగినంత విరామం దొరుకుతుంది, ప్రయాణాలకు సింథటిక్ ఎలాగూ ఉంది. మొదట్లో రెండు మూడు వెంట్రుకలు రాలితే కంగారు పడవద్దు, వారాల తరబడి రాలుతూనే ఉంటే కుచ్చు కట్టు సరిగా లేదన్నమాట.

ప్రశ్న: పాత వస్తువుల మధ్య అందమైన పిడి ఉన్న చాలా పాత షేవింగ్ బ్రష్ ఒకటి దొరికింది. శుభ్రం చేసి రెండో బ్రష్‌గా వాడుకోవచ్చా?

జవాబు: పిడిని వాడుకోండి, వెంట్రుకలను వద్దు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, శుద్ధి చేయని వెంట్రుకలతో కట్టిన బ్రష్‌ల ద్వారా బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ సైనికులకు, పౌరులకు ఆంత్రాక్స్ సోకింది. బ్యాడ్జర్ వెంట్రుక కరువై, గుర్రపు వెంట్రుకకు రంగు వేసి దానిలా అమ్మిన రోజులవి. ఆ వ్యాధి సూక్ష్మజీవి బీజాలు దశాబ్దాల పాటు చావకుండా ఉండగలవు, సబ్బు నీటికి లొంగవు. అందుచేత 1930కి ముందుదని అనుమానం ఉన్న ఏ వెంట్రుకల బ్రష్‌నైనా, ఎంత అందంగా ఉన్నా, గాటు పడే అవకాశమున్న చర్మానికి తాకించవద్దు. ఇంట్లో కుచ్చును పెరికే ప్రయత్నం కూడా చేయకండి. బ్రష్‌లు బాగుచేసే అనుభవజ్ఞుడికి దాని వయసు ముందే చెప్పి అప్పగించి, ఆ పిడిలో కొత్త సింథటిక్ కుచ్చు పెట్టించుకోండి.