అన్నయ్య మెడల్స్ ఎవరి దగ్గర ఉండాలి?

ప్రశ్న: మా అన్నయ్య 1999 కార్గిల్ యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి తనకు 26 ఏళ్లు, వదిన కడుపుతో ఉంది. తర్వాత వదిన మళ్లీ పెళ్లి చేసుకుంది. మెడల్స్, యూనిఫాం, ఉత్తరాలు అమ్మ ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి. మొన్న అన్నయ్య కూతురు ఫోన్ చేసి, ‘నాన్న మెడల్స్ నాకివ్వండి బాబాయ్’ అంది. ‘వేరే ఇంటికి పోయినవాళ్లకు నా కొడుకు వస్తువులెందుకు?’ అంటోంది అమ్మ. ఇద్దరి మధ్యా టెన్షన్ పడుతున్నాను. – గాజువాక, విశాఖపట్నం

జవాబు: వదినగారు మళ్లీ పెళ్లి చేసుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఆ సంగతి అమ్మగారికి నచ్చజెప్పే పని ఇప్పుడు పెట్టుకోకండి. ‘అన్నయ్య కూతురు ఒక్కసారి చూస్తానంటోందమ్మా, నువ్వే చూపించు’ అనండి చాలు. అమ్మగారికి తెలియకుండా పెట్టెలోంచి ఏదీ తీసి ఇవ్వొద్దు.

ఆ అమ్మాయి వచ్చినప్పుడు పెట్టె అమ్మగారే తెరవాలి. తండ్రి చేతిరాత ఆ పిల్ల ఎన్నడైనా చూసిందో లేదో. ‘56 ఏపీఓ’ (సైన్యం పోస్టాఫీసు) అడ్రసుతో వచ్చిన ఇన్‌లాండ్ ఉత్తరం ఒకటి తన చేతికివ్వండి. మెడల్ అంచు మీద తండ్రి నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటే వేలితో తడిమి చూడనివ్వండి. చిన్నప్పుడు మీ అన్నయ్య ఎలా ఉండేవాడో నానమ్మ నోటితో వినాలి తను. మీరు కాసేపు పక్కగదిలోకి వెళ్లిపోండి.

నా మాటగా చెబుతున్నాను: అమ్మగారున్నంత కాలం మెడల్స్ ఆవిడ దగ్గరే ఉండాలి. ఆ తర్వాత అవి ఆ అమ్మాయివే. మీకో, మీ పిల్లలకో కాదు. మీకిది కష్టంగా ఉండొచ్చు, మీరూ అన్నను పోగొట్టుకున్నవారే. అయినా అమ్మగారు మెత్తబడ్డాక ఆ మాట ఆవిడ చేతే చెప్పించండి. ఈలోగా ఒక ఫొటోనో ఉత్తరమో ఆ పిల్లకు ఇప్పిస్తే మంచిది.

ఇంకో మాట. మన సముద్రపు గాలికి లోహం త్వరగా నల్లబడుతుంది. అలాగని మెడల్స్‌ని ఇత్తడి సామానులా చింతపండు పెట్టి తోమకండి, చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి. ఉత్తరాలను లామినేషన్ చేయించకుండా ఫొటోలు తీసి ఉంచండి.

మొదటిసారి వదినగారిని పిలవకండి. ఆ అమ్మాయి బయల్దేరేటప్పుడు ‘మీ అమ్మ ఎలా ఉంది?’ అని అమ్మగారు తనంతట తాను అడిగితే, అప్పుడు ఆవిడనూ రమ్మనండి.