కంచం నుంచి పటానికి

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లలకు చైనా పాఠం చెబుతున్నాను. పర్వతాలు, నదుల పేర్లు గడగడా అప్పజెబుతున్నారు గానీ, వాటికీ అక్కడి జనజీవనానికీ ఉన్న సంబంధం వారికి పట్టుబడడం లేదు. ఎలా బోధించాలి?
– ఒక ఉపాధ్యాయిని, కర్నూలు జిల్లా

జవాబు: పేర్లను కాసేపు పక్కనపెట్టి, కంచంతో మొదలుపెట్టండి. ఛిన్‌లింగ్ పర్వతాల నుంచి హ్వాయ్ నది వెంబడి తూర్పు తీరం దాకా పటం మీద పిల్లలచేతే ఒక గీత గీయించండి. ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడే హద్దు, జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలుండే హద్దు దాదాపు ఆ గీత మీదే నడుస్తాయి కనుక, దానికి దక్షిణాన నీళ్లు నిలిచే మళ్లలో వరి, ఉత్తరాన గోధుమ ప్రధాన పంటలయ్యాయి. అందుకే దక్షిణాదివారి గిన్నెలో అన్నం, ఉత్తరాదివారి గిన్నెలో నూడుల్స్, పక్కన ఆవిరి మీద ఉడికిన మెత్తని రొట్టె. మీ పిల్లలకు రాగి సంగటి తెలుసు, కోనసీమ అన్నమూ తెలుసు. ఈ తేడా ఇట్టే అందుతుంది.

తర్వాత, 1935లో చైనా భూగోళ శాస్త్రవేత్త హూ హ్వాన్‌యోంగ్ ఈశాన్యం నుంచి నైరుతికి గీసిన రేఖ చూపండి. దానికి తూర్పున ఉన్న సగం కంటే తక్కువ నేల మీదే 90 శాతానికి పైగా జనం ఉన్నారు. కారణం మీరు చెప్పకండి. వర్షపాత పటం, ఎత్తుల పటం చేతికిచ్చి వారినే వెతకనివ్వండి. అయితే ప్రకృతే సమస్తం నిర్ణయిస్తుందన్న భావన మాత్రం కలగనీయవద్దు: దక్షిణాది ధాన్యాన్ని ఉత్తరాదికి చేర్చిన మహా కాలువను మనుషులే తవ్వుకున్నారు.