రేసు దిగని పాత కారు: మేనల్లుడికి లేఖ

హైదరాబాద్

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగుతుండగా, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినా బావగారి పాత మారుతి 800 ఇంజన్ రేసు (వేగం) దిగలేదనీ, మెకానిక్ బానెట్ ఎత్తకుండానే కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) మార్చాలన్నాడనీ రాశావు. ఆ మాటకు అప్పుడే తల ఊపకు. ఒకప్పుడు నేను అలాగే ఊపి కొత్త కార్బొరేటర్ వేయించుకుని, నెల తిరగకముందే అదే జబ్బుతో అదే గ్యారేజీ ముందు నిలబడ్డాను. తీరా చూస్తే, యాక్సిలరేటర్ కేబుల్ పోగులు రెండు తెగి తొడుగు లోపల గీరుకుంటున్నాయి.

ముందుగా జబ్బు తీరు గమనించు. తొక్కగానే పెడల్ మొరాయించి, ఆపైన బండి ఒక్కసారిగా ముందుకు దూకితే బటర్‌ఫ్లై, అంటే కార్బొరేటర్‌లో గాలి దారిని తెరిచి మూసే రేకు, మూసుకునే చోట మసి, జిగురు పేరుకున్నాయని అనుమానించాలి. పెడల్ పైకి వచ్చినా రేసు దిగకపోతే చోక్ (చల్లని ఇంజన్ స్టార్టు చేయడానికి లాగే పిడి) పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో చూడాలి. పెడల్ కిందనే ఉండిపోతోందని రాశావు కాబట్టి, మొదట కాళ్ల దగ్గరి మ్యాట్ తీసి పక్కన పెట్టు. నవ్వకు, సగం కేసులు అక్కడే తేలిపోతాయని నా నమ్మకం.

తరువాత ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, కార్బొరేటర్ దగ్గర కేబుల్ కొసను బటర్‌ఫ్లైని తిప్పే లివర్ నుంచి విడదీయి. అసలు పరీక్ష ఇదే. లివర్‌ను చేత్తో చివరిదాకా తిప్పి వదిలితే స్ప్రింగ్ దాన్ని టక్కున వెనక్కి లాగాలి. బద్ధకంగా వచ్చినా, మధ్యలో ఆగినా దోషం బటర్‌ఫ్లై ఇరుసులోనో స్ప్రింగ్‌లోనో ఉంది, దానికి కార్బొరేటర్ క్లీనర్‌తో కడగడం ముందు మందు. టక్కున మూసుకుంటే కార్బొరేటర్ నిర్దోషి. కేబుల్‌ను రెండు కొసలా పట్టి లాగి చూడు, గరగరమంటే మార్చవలసిందే. తెగిన పోగుల మీద నూనె పోసినా, లివర్‌కు ఇంకో స్ప్రింగ్ తగిలించినా జబ్బు దాగుతుందే తప్ప పోదు. నిలిపి ఉన్నప్పుడు అంతా బాగుండి, నడుస్తుండగా మాత్రమే పట్టేస్తే ఇంజన్ మౌంటు (ఇంజన్‌ను కదలకుండా పట్టి ఉంచే రబ్బరు దిమ్మ) చూపించు, ఎందుకంటే ఈ కారులో అడ్డంగా కూర్చున్న ఇంజన్, మౌంటు చచ్చుబడితే ఊగి కేబుల్‌ను లాగుతుంది.

ఇదంతా తేలేదాకా మెకానిక్ దగ్గరికి తప్ప కారు బయటికి తీయవద్దు. అక్కడికి తీసుకెళ్లేటప్పుడు దారిలో మళ్లీ పట్టేస్తే వెంటనే క్లచ్ తొక్కి న్యూట్రల్‌లో వెయ్యి. ఇంజన్ ఎంత అరిచినా అరవనీ. బ్రేకును పదేపదే కొట్టకుండా ఒకే పట్టున గట్టిగా తొక్కి, బండి ఆగాకనే తాళం తిప్పు. కదులుతుండగా తాళం బయటికి లాగితే స్టీరింగ్ బిగుసుకుపోతుంది.

కేబుల్ కొనడానికి రాణీగంజ్ వెళితే పాతదాన్ని వెంట తీసుకెళ్లి, కొత్తదాన్ని పక్కన పెట్టి పొడవు, కొసలు సరిచూసుకో. బిగించాక, కాలు తీసినప్పుడు కేబుల్ కాస్త వదులుగా ఉందో లేదో నువ్వే వంగి చూడు.

ఇట్లు,
మీ మామయ్య